లోమాట సాక్ష్యం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, అద్దెకిచ్చిన ఇల్లు ఖాళీ చేయించి చూడు అనే మూడో ముక్క ఎందుకు కలపలేదో తెలీదు. వాళ్ళ కాలంలో గట్టిగా ఓ కేక వేస్తే సరిపోయేదేమో. చట్టం వచ్చాక అలా కుదరదు. ముందు ప్లీడరు చేత నోటీసు ఇప్పించాలి. దాని గడువు తీరాక పిటిషన్ వెయ్యాలి. అద్దెకున్నాయన దానికి కౌంటరు వేస్తాడు. ఆ తర్వాత సాక్షులు, వాయిదాలు, వాయిదాకి రాని సాక్షులు, మళ్ళీ వాయిదాలు. ఆఖరికి ఉత్తర్వు చేతికొచ్చినా సరాసరి వెళ్ళి తలుపు తోయడానికి లేదు, కోర్టు అమీనా వచ్చి సామాను బయట పెట్టించాలి. ఈలోగా ఇల్లుగలాయన మనవడికి మీసాలొచ్చేస్తాయి.

ఈ సాగుడుకి తెర దించింది కాకినాడలో డాక్టర్ తారకేశ్వరి. ఆవిడ ప్లీడరు కాదు, జడ్జీ కాదు. మాట పోయినవాళ్ళకి మాట ఇద్దామని వయసంతా ఓ ల్యాబులో ధారపోసిన మనిషి. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, అదే ఆవిడ విషయంలో జరిగింది.

ఆవిడ మొదటి పేషెంటు గంధం వీర్రాజు. ఒకప్పుడు మైకుసెట్టు వీర్రాజంటే చుట్టుపక్కల ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. తీర్థాల్లో తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పినా, నాటకానికి ముందు దాతల పేర్లు చదివినా ఆ గొంతు కంచు. ఆ గొంతుకే కేన్సరొచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మనిషి మిగిలాడు, మాట పోయింది.

తారకేశ్వరి ఆయన గడ్డం కింద ప్లాస్టరు ముక్కలాంటి పట్టీ ఒకటి అంటించింది. జేబులో చిన్న పెట్టె పెట్టింది. మనం మాట్లాడాలనుకున్నప్పుడు, శబ్దం రాకపోయినా గడ్డం కింద కండరాలు ఆ మాట తాలూకు కదలిక కదులుతాయి. పట్టీ దాన్ని పసిగడుతుంది, పెట్టె పలుకుతుంది. లెక్క ప్రకారం అంతే.

మొదటి రోజు ల్యాబంతా చుట్టూ మూగింది. ఏదో ఒకటి అడగాలి కదా అని తారకేశ్వరి, "కాఫీ తాగుతారా వీర్రాజు గారూ?" అంది.

పెట్టె టకటకా రెండు మాటలు పలికింది. "ఇస్తే బావుణ్ణు." ఆ వెంటనే, "అబ్బే, ఇప్పుడెందుకండీ శ్రమ."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ల్యాబంతా గొల్లున నవ్వింది. వీర్రాజు సిగ్గుపడి చేత్తో మొహం కప్పుకున్నాడు. వెనక నిలబడ్డ ఆయన భార్య మంగాయమ్మ మాత్రం, "ఇన్నేళ్ళ నుంచీ నేను చెబుతూనే ఉన్నానమ్మా, ఈయన వద్దంటే కావాలని," అంది.

తారకేశ్వరి కనిపెట్టింది అదే. నోటికొచ్చే మాట కన్నా రెప్పపాటు ముందు, గొంతు కింద ఇంకో మాట కదిలి ఆగిపోతుంది. దానికి ఆవిడ 'లోమాట' అని పేరు పెట్టింది. పేషెంట్ల పరువు పోకుండా పెట్టెకి ఒక జల్లెడ బిగించింది. పైమాటే పలుకుతుంది, లోమాట పలకదు. కానీ మనిషి గొంతు తీరు నేర్చుకోవడానికి పెట్టెకి ఆ లోమాట అవసరం. అందుకని దాన్ని లోపలే దాచుకుంటుంది. ఈ సంగతంతా సంబరంగా ఓ వ్యాసం రాసి పంపింది. ఆ వ్యాసం డాక్టర్లు చదివారో లేదో గానీ న్యాయశాఖ వాళ్ళు చదివారు.

పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు పెద్దలు. పెదవి దాటని మాట కూడా పృథివి దాటే రోజొచ్చింది. కొత్తగా పెట్టిన అద్దె న్యాయస్థానంలో సాక్షి ఎవరైనా సరే గడ్డం కింద పట్టీ అంటించుకోవాలన్నారు. పైమాట, లోమాట రెండూ తెర మీద కనిపిస్తాయి. రెండూ ఒకటైతే నిజం, వేరైతే అబద్ధం. సాగి సాగి ముసలివైపోయిన కేసులు పూటకొకటి తేలిపోవడం మొదలుపెట్టాయి. ఎవరికీ మినహాయింపు ఉండకూడదని నియమం పెట్టించింది కూడా తారకేశ్వరే. పెద్ద మనుషులకి పట్టీ వద్దంటే ఇంకెందుకండీ మిషను అని ఆవిడ వాదన. న్యాయంగానే ఉంది మరి.

మొదట్లో అది అద్దెకున్నవాళ్ళ పాలిట దేవుడే అయింది. వీర్రాజు కింది వాటాలో ఉంటే పై వాటాలో ఇల్లుగలాయన సోమేశ్వర్రావు ఉండేవాడు. మా అబ్బాయి పళ్ళ ఆసుపత్రి పెట్టుకుంటాడు, కింది వాటా సొంతానికి కావాలి అని ఆయన పిటిషన్ వేశాడు. పట్టీ పెట్టి అడిగితే పైమాట "మా వాడి ఆసుపత్రి కోసమేనండి" అంది. తెర మీద లోమాట "కూల్చేసి ఫ్లాట్లు కట్టాలి" అంది. పిటిషన్ కొట్టేశారు. వీర్రాజు దంపతులు కాజాల పొట్లం పట్టుకుని ల్యాబుకొచ్చారు. "మా ఇల్లు నిలబెట్టారమ్మా" అంది పెట్టె. ఆవేళ తారకేశ్వరికి ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేం. తనకి ఏ బహుమతి వచ్చినప్పుడూ అంత ఆనందం కలగలేదు.

ఆ తర్వాత మంగాయమ్మ పోయింది. జ్వరం వచ్చిందన్నారు, ఆసుపత్రి అన్నారు, అంతలో అయిపోయింది. ప్రాణం పోయిన వేళ ధనిష్ఠా నక్షత్రం. ధనిష్ఠలో పోతే ఆ ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలని మనవాళ్ళ నమ్మకం. లేకపోతే ఆ ఇంటికీ, ఆ ఇంటివాళ్ళకీ మంచిది కాదంటారు.

పెద్ద కర్మ అయిన మర్నాడు సోమేశ్వర్రావు కిందికి దిగాడు. మొహం నిండా సానుభూతి.

"వీర్రాజు గారూ, మీరు పెద్దవారు, మీకు చెప్పేంతవాణ్ణి కాదు. పంతులుగారు గట్టిగా చెప్పారండి. పైన చిన్నపిల్లలున్న కొంప. ఆర్నెల్లు తాళం పెట్టేస్తే అందరికీ మంచిది. తర్వాత శాంతి చేయించుకుని హాయిగా దిగండి. ఇల్లెక్కడికీ పోదు కదా."

వీర్రాజుకి కాదనే ఓపిక లేదు. నాలుగు బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. తాళం వేశాడు. గేటు దగ్గర వెనక్కి తిరిగి, పెట్టె చేత "వెళ్ళొస్తానండి" అనిపించాడు. గుమ్మం దాటుతూ పోతానని ఎవరంటారు? అనకూడదు. పెద్దాపురంలో బావమరిది ఇంటి అరుగు మీద మంచం వేసుకుని ఆర్నెల్లు గడిపాడు.

గడువు అయ్యాక వచ్చి తాళం తీశాడు, శాంతి చేయించాడు, దీపం పెట్టుకున్నాడు. ఆ వారమే ప్లీడరు నోటీసు వచ్చింది. అద్దెకున్నవాడు ఎడతెగకుండా నాలుగు నెలలు కాపురం లేకపోతే, తిరిగొచ్చే ఉద్దేశం లేకుండా వెళ్ళిపోతే, ఇంటిని వదులుకున్నట్టేనని కొత్త చట్టంలో ఉంది. సోమేశ్వర్రావు ఒకసారి దెబ్బ తిన్నాడు, ఈసారి చట్టం చదువుకుని వచ్చాడు.

ఆనవాయితీ ప్రకారం ఇల్లు మూశాను, అద్దె కడుతూనే ఉన్నాను అని వీర్రాజు కౌంటరు వేశాడు. కోర్టు కూడా ఆనవాయితీని కాదనలేదు. అయితే చూడాల్సింది ఒక్కటే అంది. వెళ్ళేటప్పుడు తిరిగొచ్చే ఉద్దేశం ఉందా, లేదా? సోమేశ్వర్రావు ప్లీడరు లేచి, దానికి సాక్ష్యం ఆయన జేబులోనే ఉందండి అన్నాడు. ఆ పెట్టెలో దాగున్న లోమాటలు తెప్పించమని దరఖాస్తు పెట్టాడు. దాన్ని చదివి చెప్పడానికి తారకేశ్వరికి సమన్లు వచ్చాయి.

నోరున్నవాడు గేటు దగ్గర లోపల ఏమనుకున్నాడో ఏ మిషనుకీ తెలీదు. ఆవేళ సోమేశ్వర్రావు గడ్డం కింద పట్టీ లేదు కదా. నోరు లేనివాడి లోపలి మాటే దొరికింది. ఇదేం న్యాయమో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

కోర్టుకి పంపే ముందు తారకేశ్వరి ల్యాబులో ఆ లోమాట విప్పి చూసింది. పైమాట "వెళ్ళొస్తానండి." దాని కింద ఇంకో మాట. "ఇంక ఈ గడప తొక్కను మంగా."

ఆవిడ ఆవేళే వీర్రాజుని పిలిపించి కూర్చోబెట్టి అడిగింది. ఆయన దాచలేదు.

"అవునమ్మా, అనుకున్నాను. పెళ్ళాన్ని సాగనంపి అదే గుమ్మం దాటుతుంటే ఇంకేం అనుకుంటానండీ? పెద్దాపురంలో తెల్లారగానే మళ్ళీ ఇల్లే గుర్తొచ్చింది. ఆవిడ అక్కడే ఉన్నట్టనిపించింది. ఎప్పుడు ఆర్నెల్లవుతాయా అని కూర్చున్నాను. మనిషన్నాక లోపల సవాలక్ష అనుకుంటాడు. అన్నీ చేస్తాడా?"

"ఇదే కోర్టులో చెప్పండి."

"నేను చెప్తే నా మాట కాదు కదమ్మా, నా కింద మాట చూస్తారు. మీరు చెప్పాలి. మిషను కట్టినవాళ్ళు మీరు."

మర్నాడు పొద్దున్న పెసరట్లు వేస్తూ తారకేశ్వరి భర్త శ్యామలరావు అసలు సంగతి తేల్చాడు. ఆయన కాలేజీలో చరిత్ర చెబుతాడు, ఇంట్లో వంట చేస్తాడు. ఆయనకి మిషను మీద ఎప్పుడూ సదభిప్రాయం లేదు. "అట్టు బావుందా అని అడగనులే, నువ్వు పట్టీ తెస్తావు" అని వేళాకోళం చేస్తుంటాడు. ఆవేళ మాత్రం వేళాకోళం లేదు.

"లోమాటని నమ్మడానికి లేదని నువ్వే అంటే, ఇన్నాళ్ళూ ఇచ్చిన తీర్పులన్నీ తిరగదోడాలి. న్యాయశాఖ మిషను పక్కన పడేస్తుంది. మీకు డబ్బిచ్చేది వాళ్ళే కదా?"

"వాళ్ళిచ్చే డబ్బుతోనే గొంతు పోయిన పేదవాళ్ళకి పెట్టెలు ఊరికే ఇస్తున్నాం."

"నమ్మొచ్చని అంటే?"

"వీర్రాజు గారు రోడ్డు మీద పడతారు."

శ్యామలరావు అట్టు తిరగేసి, "నిజం చెప్పేసెయ్," అన్నాడు.

"ఏది నిజం?" అంది తారకేశ్వరి. ఆవిడ అట్టు సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది.

కోర్టు హాల్లో ముందు సోమేశ్వర్రావుని బోనెక్కించారు. పట్టీ అంటించారు.

"ఇల్లు మూసెయ్యమని మీరే చెప్పారా?" అని వీర్రాజు తరఫు ప్లీడరు అడిగాడు.

"శాంతి కోసం చెప్పానండి. ఆయన మాత్రం మనసులో వదిలేసే వెళ్ళాడు. ఇల్లు నాది."

తెర మీద లోమాట కూడా అదే. వదిలేసే వెళ్ళాడు. ఇల్లు నాది. అక్షరం తేడా లేదు. మొదటి కేసులో పట్టుబడ్డ మనిషి ఇప్పుడు ఎలా గట్టెక్కాడంటే, ఆర్నెల్లూ ఆ మాటే అనుకుంటూ అనుకుంటూ నిజంగానే నమ్మేశాడు. తనని తాను నమ్మించుకున్నవాణ్ణి ఏ మిషనూ పట్టుకోలేదు. ఆ ముక్క తారకేశ్వరికి అక్కడ, ఆ బల్ల మీద కూర్చుని చూస్తుంటే తెలిసింది.

తర్వాత వీర్రాజు గేటు దగ్గరి లోమాట చదివారు. హాల్లో కొందరు పెదవి చప్పరించారు. వీర్రాజు తల వంచుకున్నాడు. భార్యతో చెప్పుకున్న మాటని పదిమందిలో గట్టిగా చదువుతుంటే మనిషికి ఎలా ఉంటుందో ఎవరికి వారు ఊహించుకోవాల్సిందే.

తారకేశ్వరి బోనెక్కింది. పట్టీ అక్కర్లేదేమో, నిపుణురాలు కదా అన్నాడు జడ్జిగారు. సోమేశ్వర్రావు ప్లీడరు నవ్వి, ఎవరికీ మినహాయింపు వద్దన్నది ఆవిడేనండి అన్నాడు. ఆవిడే అందుకుని అంటించుకుంది.

"డాక్టరు గారూ, లోమాట మనిషి ఉద్దేశమేనా?"

"కాదండి. అది ఒక్క క్షణం మెరిసి మాయమయ్యే ఆలోచన మాత్రమే. మనిషి చేసేది దాన్ని దాటి చేస్తాడు."

తెర మీద వచ్చింది. "అలాగే అనుకుంటున్నాను. ఏమో."

ప్లీడరు తెర వంక చూసి, మళ్ళీ ఆవిడ వంక చూశాడు. "ఏమో అంటున్నారు."

"నాకు తెలుసండి. ఖచ్చితంగా తెలుసు."

"తెలీదు," అంది తెర.

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తారకేశ్వరి జడ్జిగారి వైపు తిరిగింది.

"అయ్యా, శాస్త్రం చదువుకున్నవాళ్ళ ప్రతి మాట కిందా ఏమో ఉంటుంది. అది లేనివాడు శాస్త్రానికి పనికిరాడు. సందేహం అబద్ధం కాదు. దయచేసి అర్థం చేసుకోండి, నేను ఆ పెద్దాయన గురించి..."

ఆవిడ మాట పూర్తి కాకముందే తెర మీద అక్షరాలు వచ్చేశాయి. "నా ల్యాబు ఏమైపోతుందో."

ఇంక ప్లీడరు ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. బోను దిగుతూ తారకేశ్వరి వీర్రాజు వైపు చూడలేకపోయింది. ఆ లోమాట అబద్ధం కాదు, అదే ఆవిడ బాధ. ఆయన గురించి బెంగ పడుతూనే ల్యాబు గురించీ బెంగ పడింది. రెండోది గొంతు కింద ముందు కదిలింది. అంతమాత్రాన మొదటిది లేనట్టా? లేనట్టేనని తెర అంది.

తీర్పు ఎక్కువసేపు చదవలేదు. నిపుణురాలి సాక్ష్యం ఆవిడ ఆంతర్యంతోనే పొసగనందున దాన్ని పరిగణించలేదు. ప్రతివాది తిరిగి వచ్చే ఉద్దేశం లేకుండా ఇంటిని విడిచినట్టు రుజువైంది. గడువులోగా ఖాళీ చేయాలి, చేయకపోతే అమీనా చేత చేయించాలి. యంత్రం సొంత సృష్టికర్తనే వదలలేదంటే అంతకంటే నిష్పాక్షికత ఏముంటుందని జడ్జిగారు ఓ వాక్యం కూడా రాశారు. ఆ వాక్యం నచ్చి న్యాయశాఖ మిగతా ఊళ్ళకీ మిషన్లు పంపింది. ల్యాబుకి ఇచ్చేది పెంచింది. కావాల్సినన్ని పెట్టెలు వచ్చాయి. జనం తారకేశ్వరిని అభినందించారు. ఆవిడకి ఆ అభినందనలు చెంపదెబ్బల్లా తగిలాయి.

గడువు తీరినా వీర్రాజు కదల్లేదు. మొండితనం కాదు, ఎలా కదలాలో తెలీలేదు. అమీనా వచ్చిన రోజు తారకేశ్వరి కూడా వెళ్ళింది.

అమీనా చెడ్డవాడేం కాదు. "కాస్త చూసి దించండ్రా, పగుల్తాయి" అంటూ కూలీలని కేకలేస్తున్నాడు. మంచం, గ్యాస్ స్టవ్, బియ్యం డబ్బా, పాత మైకు హారన్లు, మంగాయమ్మ ఫోటో ఒక్కొక్కటీ వీధిలోకొచ్చాయి. వీధిలో పెడితే ఏ ఇంటి సామానైనా ఇంతేనా అనిపిస్తుంది. సోమేశ్వర్రావు పైనుంచి అమీనాకి కాఫీ పట్టుకొచ్చాడు. ఓ గ్లాసు వీర్రాజుకి కూడా ఇవ్వబోయాడు.

"మనసులో ఏం పెట్టుకోకండి వీర్రాజు గారూ," అన్నాడు.

వీర్రాజు గ్లాసు తీసుకోలేదు.

సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నారు. మళ్ళీ పెద్దాపురమే, మళ్ళీ అదే అరుగు. ఈసారి తిరిగి రావడానికి ఇల్లు లేదు. బావమరిది భార్య మొదటిసారే మొహం మాడ్చుకుంది, ఇప్పుడేమంటుందో. తారకేశ్వరి ఆయన దగ్గరికి వెళ్ళింది.

"వీర్రాజు గారూ, మా ఇంటికి రండి. ముందు గది ఉంది. మీకు ఏ లోటూ రానివ్వను. మా ఆయన కూడా ఏమీ అనుకోరు. రండి, ఆటో అటు తిప్పించేస్తాను."

ఆ మాట కోసం ఆవిడ పొద్దుట్నుంచీ కూడబలుక్కుంది. వీర్రాజు ఆవిడ మొహంలోకి చూశాడు. కోపంగా చూశాడని చెప్పలేం.

"ఆ పట్టీ పెట్టుకుని పిలవండమ్మా," అంది పెట్టె. "వస్తాను."

తారకేశ్వరి చేతిసంచిలో పట్టీల పొట్లం, లోమాట చూపించే చిన్న తెర ఉన్నాయి. చెయ్యి లోపలికి పెట్టింది. కాగితం వేళ్ళకి తగిలింది. చింపి అంటించుకోవడానికి రెండు క్షణాలు పడుతుంది. రండి అంటే చాలు, కిందా పైనా రండి అని వస్తే చాలు.

పట్టీ లేకుండానే గొంతు కింద ఏదో కదిలింది. ఎన్నాళ్ళు? ఆవిడ దాన్ని మింగేద్దామనుకుంది. రండి, రండి అని లోపల గట్టిగా అనుకుంది. దాని కింద మళ్ళీ అదే. ఎన్నాళ్ళు?

కూలీలు సామానుకి తాడు బిగించారు. వీర్రాజు అంతసేపూ నిలబడ్డాడు. ఆ తర్వాత మెల్లిగా ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాడు, ఫోటో ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పోనీ బాబూ," అంది పెట్టె.

ఆటో సందు మలుపు తిరిగేదాకా తారకేశ్వరి చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.